రక్తం పడితే మొలలేనా?

ఆసనం నుంచి రక్తం పడుతున్నదని రాసే పాఠకులు ఊరి పేరు రాస్తారు, వయసు రాస్తారు, తమ పేరు మాత్రం రాయరు. రాయనవసరం లేదు కూడా. అయితే ఆ ఉత్తరాలలో ఎక్కువ భాగం ‘నాకు మొలలు ఉన్నాయి’ అన్న వాక్యంతో మొదలవుతాయి. చదువుతూ పోతే ఆ మాట ఏ డాక్టరూ పరీక్షించి చెప్పినది కాదని, ఇంట్లోవాళ్లో మందుల షాపువాళ్లో తేల్చేసినదని అర్థమవుతుంది. ఈ నెల అటువంటి ఉత్తరాలలో ఐదింటికి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 38. రాత్రి సర్వీసు బస్సు నడుపుతాను. ఎనిమిది నెలలుగా దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడుతున్నది. నొప్పి లేదు. మొదట్లో పది రోజులకొకసారి పడేది, ఇప్పుడు వారంలో మూడు నాలుగుసార్లు. వేడి చేసిందని మా ఆవిడ మజ్జిగ, సబ్జా నీళ్లు ఇస్తున్నది. కారం మానేశాను. మందుల షాపులో ఇచ్చిన బిళ్లలు వేసుకుంటే నాలుగు రోజులు ఆగి మళ్లీ మొదలవుతున్నది. ఇవి మొలలేనా? ఆపరేషన్ తప్పదా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట జిల్లా

జవాబు: మీరు రాసిన లక్షణాలు లోపలి మొలలకు సరిపోతున్నాయి. కానీ ఉత్తరం చదివి ఆ మాట ఖాయం చేయడం నాకు గానీ మరొకరికి గానీ సాధ్యం కాదు, ఎందుకంటే పెద్దపేగు చివరి భాగంలో పుండు ఉన్నా, పిలక వంటి కండ పెరిగినా, కొన్నిసార్లు కేన్సరు ఉన్నా రక్తం ఇదే దారిన, ఇదే రంగులో పడవచ్చు. ఎనిమిది నెలలు ఆగారు కనుక ఇక ఆగవద్దని మొదటే చెబుతున్నాను.

మొలలు కొత్తగా పుట్టుకొచ్చే కండలని చాలామంది అనుకుంటారు. నిజానికి మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తని దిండ్ల వంటి పొరలు పుట్టుకతోనే అందరికీ ఉంటాయి. మనిషి వెల్లకిలా పడుకున్నప్పుడు మలద్వారాన్ని గడియారం ముఖంగా ఊహించుకుంటే ముఖ్యంగా 3, 7, 11 అంకెలు ఉండే చోట్ల అవి కనిపిస్తాయి. గాలి, నీరు మనకు తెలియకుండా బయటికి రాకుండా ఆ ద్వారం బిగుతుగా మూసుకోవడానికి అవే తోడ్పడతాయి. ఏళ్ల తరబడి ముక్కడం వల్ల, గట్టి మలం రాసుకుంటూ పోవడం వల్ల వాటిని పట్టి ఉంచే కణజాలం సడలి, అవి ఉబ్బి కిందికి జారినప్పుడు వాటిని మొలలు అంటాము. ఆ దిండ్లలో ధమనుల రక్తం నేరుగా సిరలలోకి చేరే మార్గాలు ఉంటాయి కాబట్టి వాటి నుంచి పడే రక్తం నల్లగా కాక, కోసిన వేలి నుంచి వచ్చినట్టు ఎర్రగా ఉంటుంది. మలద్వారం అంచు నుంచి సుమారు రెండు సెంటీమీటర్ల లోపల ఒక గీత వంటి సరిహద్దు ఉన్నది. దానికి పైన ఉన్న పొరకు నొప్పి తెలియదు, కింద ఉన్న చర్మానికి సూది మొన తగిలినా తెలుస్తుంది. మీకు నొప్పి లేకుండా రక్తం పడుతున్నదంటే అది ఆ గీతకు పై భాగం నుంచి వస్తూ ఉండవచ్చునని దీనివల్ల ఊహించవచ్చు.

బేసిన్‌లోకి చూడడం చాలామందికి రోత. అయినా మీరు రేపు ఉదయం చూడండి. మలవిసర్జన అయిన తరువాత చుక్కలు చుక్కలుగా గాని, చిమ్మినట్టు గాని ఎర్రని రక్తం పడి, మలం మాత్రం మామూలు రంగులోనే ఉంటే అది మొలల తీరు. మలం వస్తున్నప్పుడు గాజుపెంకుతో కోసినట్టు నొప్పి పుట్టి, ఆ మంట తరువాత గంటల తరబడి ఉండి, మలం మీద సన్నని ఎర్రటి చార మాత్రమే కనిపిస్తే అది ఎక్కువగా ఫిషర్, అంటే చర్మం చీరుకోవడం. రక్తం మలంతో కలిసిపోయి ఉన్నా, ముదురు రంగులో ఉన్నా, జిగురుతో వస్తున్నా అది మలద్వారానికి ఇంకా పైనుంచి వస్తున్నదని అనుమానించాలి. తారులాగా నల్లగా, దుర్వాసనతో, అతుక్కుపోయేలా మలం వస్తే రక్తస్రావం జీర్ణాశయం దగ్గర జరుగుతూ ఉండవచ్చు, అప్పుడు ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ముందురోజు బీట్‌రూట్ కూర తిన్నారేమో గుర్తు చేసుకోవడం కూడా మంచిదే, దాని ఎరుపు చూసి భయపడి పరుగెత్తుకొచ్చినవారిని నేను చూశాను.

పరీక్ష ఎలా ఉంటుందో తెలియక భయపడేవారే ఎక్కువ, అందుకే వివరంగా రాస్తున్నాను. ఎడమవైపు తిరిగి, మోకాళ్లు పొట్ట దగ్గరికి ముడుచుకుని పడుకోమంటారు. నడుము కింది నుంచి దుప్పటి కప్పి, అవసరమైనంత మేరకే తొలగిస్తారు. ముందు బయట చూసి, తరువాత గ్లవ్ వేసుకున్న వేలికి జెల్లీ రాసి లోపల తడిమి చూస్తారు. మొలలు మెత్తగా ఉండి వేలి కింద నొక్కుకుపోతాయి కనుక వేలికి తగలకపోయినంత మాత్రాన అవి లేవనడానికి లేదు, వేలితో వెతికేది ముఖ్యంగా గడ్డల కోసం. ఆ తరువాత ప్రాక్టోస్కోప్ అనే చిన్న గొట్టాన్ని పెట్టి, దీపం వెలుగులో చూస్తూ మెల్లగా వెనక్కి తీస్తారు. కొద్దిగా ముక్కమన్నప్పుడు ఉబ్బిన మొల ఊదారంగు ద్రాక్షపండులాగా గొట్టం నోట్లోకి జారుతుంది, దాని మీద రక్తం కారిన చోటు కూడా ఒక్కొక్కసారి కనిపిస్తుంది. మొత్తం ఐదు నిమిషాల పని. ఇబ్బందిగా ఉంటుంది గాని, ఫిషర్ లేనివారికి నొప్పి దాదాపు ఉండదు.

మీ ఆవిడ ఇచ్చే మజ్జిగ, సబ్జా నీళ్లు మానవద్దు. అవి ఒంట్లో వేడిని తగ్గించి మొలలను నయం చేస్తాయని కాదు, నీరు, పీచు లోపలికి వెళ్లడం వల్ల మలం మెత్తబడుతుంది, ఆ మేలు నిజమైనదే. కారం వల్ల మొలలు రావు. ఫిషర్ ఉన్నప్పుడు మాత్రం కారం మంటను పెంచుతుంది. మీ విషయంలో నాకు అనుమానం కూర మీద కాదు, ఉద్యోగం మీద. దారిలో బండి ఆపవలసి వస్తుందని రాత్రి డ్రైవర్లు నీళ్లు తక్కువ తాగుతారు, వచ్చిన వేగాన్ని బస్టాండు చేరేదాకా ఆపుకుంటారు. ఆపుకున్నకొద్దీ పేగు మలంలోని నీటిని పీల్చుకుంటుంది, మలం గట్టిపడుతుంది, తెల్లవారి ముక్కవలసి వస్తుంది. డ్యూటీకి ముందు, తరువాత కలిపి రెండున్నర లీటర్లకు తగ్గకుండా నీళ్లు తాగే ఏర్పాటు చేసుకోండి. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి, తెల్లన్నం, పచ్చడి, చారు మీద గడిపేవారికి అందులో సగం కూడా అందదు. ఒక పూట జొన్నరొట్టె, చిక్కుడు లేదా గోరుచిక్కుడు కూర, తోటకూర పప్పు, రోజూ ఒక జామకాయ చేర్చండి. రాత్రి రెండు చెంచాల ఇసబ్‌గోల్ పొట్టును పెద్ద గ్లాసెడు నీళ్లలో కలిపి, అది జావలాగా చిక్కబడక ముందే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగండి. నీళ్లు లేకుండా పొట్టు మింగితే మేలు జరగకపోగా గొంతులోనో పేగులోనో అడ్డుపడవచ్చు. మొదటి వారం పొట్ట ఉబ్బరంగా ఉంటుంది, ఒక చెంచాతో మొదలుపెట్టి పెంచుకోండి. పీచు వాడినవారిలో మొలల రక్తస్రావం దాదాపు సగానికి తగ్గిందని గతంలో జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన సమీక్ష తేల్చింది. అయితే ఆ ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మరుగుదొడ్డిలో ఐదు నిమిషాలకు మించి కూర్చోవద్దు, ఫోను బయట పెట్టి వెళ్లండి.

షాపులో మీకిచ్చినవి బహుశా రక్తనాళాలను బిగించే డయోస్మిన్ రకం బిళ్లలు కావచ్చు. అవి కొద్దిరోజులు రక్తాన్ని తగ్గిస్తాయి, మలం గట్టిగానే ఉంటే కారణం అలాగే మిగిలిపోతుంది. పూత మందులలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది కనుక వారానికి మించి రాసుకుంటే అక్కడి చర్మం పలుచబడుతుంది.

ఇక ఆపరేషన్ మాట. రక్తం పడుతూ బయటికి రాని మొలలు మొదటి దశ. మలంతో పాటు బయటికి వచ్చి వాటంతట అవే లోపలికి వెళ్లేవి రెండవ దశ. చేత్తో లోపలికి నెట్టవలసినవి మూడవది, నెట్టినా వెళ్లనివి నాలుగవది. మొదటి రెండు దశలలో, కొందరికి మూడవ దశలో కూడా, కోత లేకుండా రబ్బరు బ్యాండు వేసి నయం చేయవచ్చు. ప్రాక్టోస్కోప్‌లో నుంచే ఒక పరికరంతో మొలను పీల్చి, దాని మొదట్లో, నొప్పి తెలియని భాగంలో, మినపగింజంత సందు ఉన్న రబ్బరు ఉంగరాన్ని బిగిస్తారు. రక్తం అందక ఆ మొల ఐదు నుంచి పది రోజులలో ఎండి రాలిపోతుంది. మత్తు అవసరం లేదు, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. ఒకటి రెండు రోజులు ఇంకా మలం ఉన్నట్టు బరువుగా అనిపిస్తుంది, అప్పుడు ముక్కకూడదు. మొల రాలే సమయంలో, రెండు వారాల లోపు, కాస్త రక్తం పడడం మామూలే. ధారగా పడితే గాని, జ్వరంతో పాటు తీవ్రమైన నొప్పి వచ్చి మూత్రం ఆగిపోతే గాని, అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లాలి. బస్సు నడిపే ఉద్యోగం కనుక బ్యాండు వేయించుకున్నాక వారం రోజులు దూరపు డ్యూటీ లేకుండా చూసుకోండి. ఆలోచించవలసింది ఇదే తప్ప, ఆపరేషన్ గురించి ఇప్పుడే భయపడనవసరం లేదు.

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మెట్లు ఎక్కితే ఆయాసం, గుండె దడ. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది. నెలసరి వల్ల అన్నారు, ఐరన్ బిళ్లలు ఇచ్చారు. మూడేళ్లుగా మొలల నుంచి రక్తం పడుతున్న సంగతి డాక్టరుకు చెప్పలేదు. మగ డాక్టరుకు ఎలా చూపించుకోవాలి? ఐరన్ బిళ్లలు వేసుకుంటే మలబద్ధకం వచ్చి రక్తం ఎక్కువవుతున్నది.
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మీరు నాకు రాసిన ఆ ఒక్క వాక్యం మీ డాక్టరుకు చెప్పి ఉంటే మీ వైద్యం మరోలా మొదలయ్యేది. గర్భం లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే, మీకు 7.4 ఉన్నది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇంతమందికి ఉన్నది కనుకనే అది నెలసరి వల్లనో, తిండి సరిలేకనో వచ్చిందని తేలికగా అనేస్తారు, రక్తం ఇంకెక్కడైనా పోతున్నదా అని అడగడం మరచిపోతారు. మొలల నుంచి రోజూ ఒకటి రెండు చెంచాల రక్తం పోయినా, నెలలు గడిచేసరికి ఒంట్లోని ఇనుము నిల్వ అడుగంటుతుంది.

కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన ఒకావిడ కుర్చీలో కూర్చుని చేతులు బల్ల మీద పెట్టినప్పుడు ఆమె గోళ్లు తెల్లగా, మధ్యలో పల్లం పడి చెంచాల్లాగా ఉండడం ముందుగా నా కంట పడింది. వచ్చింది మోకాళ్ల నొప్పికి. రోజూ గుప్పెడు పచ్చి బియ్యం తినకుండా ఉండలేనని మాటల మధ్యలో చెప్పింది. గోళ్లు, బియ్యం రెండూ ఇనుము తగ్గిపోవడానికి గుర్తులు. మూడుసార్లు మార్చి మార్చి అడిగిన తరువాత గాని, ఏడేళ్లుగా రక్తం పడుతున్నదన్న మాట ఆమె నోట రాలేదు. పక్కన కూర్చున్న భర్తకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. మీరు ఏడేళ్లు ఆగవద్దని ఈ సంగతి రాస్తున్నాను.

మహిళా సర్జన్ దగ్గరికే వెళ్లాలనుకోవడంలో తప్పేమీ లేదు. జిల్లా ఆసుపత్రిలోనో, మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో సర్జరీ ఓపీలో మహిళా డాక్టరు ఏ రోజులలో ఉంటారో కనుక్కుని వెళ్లవచ్చు. మగ డాక్టరే ఉంటే పరీక్ష సమయంలో నర్సు తప్పక పక్కన ఉండాలి, లేకపోతే ఉండమని అడిగే హక్కు మీకున్నది. నోటితో చెప్పలేకపోతే మీ ఉత్తరంలోని వాక్యాన్నే చీటీ మీద రాసి చేతికి ఇవ్వండి. అలా చీటీలు ఇచ్చినవారు నాకు చాలామంది ఉన్నారు.

ఐరన్ బిళ్లలు మానవద్దు. రోజు విడిచి రోజు వేసుకోవడం, ఇసబ్‌గోల్ గాని మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ గాని తోడుగా వాడడం వంటి మార్గాలు డాక్టరును అడగండి. కడుపుకు సరిపడకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉన్నది. బిళ్లను నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది, టీ, పాలు దానికి గంట ముందు, రెండు గంటల తరువాత వద్దు. ఈ బిళ్లల వల్ల మలం నల్లబడుతుంది, దానికి కంగారు పడకండి. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా, నిల్వలు నిండడానికి, ఇంకో మూడు నెలలు వాడాలి. ఇంత రక్తహీనతను మొలల ఖాతాలో వేసే ముందు పైపేగును, పెద్దపేగును కూడా చూడాలని డాక్టరు అంటే వెనకాడవద్దు. కూర్చున్నచోట కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా, రక్తం గడ్డలుగా పడినా 108కి ఫోను చేయండి.

ప్రశ్న: కోడలికి ఎనిమిదో నెల. మొలలు బయటికి వచ్చి రక్తం పడుతున్నది. బిడ్డకు ప్రమాదమా?
– ఒక అత్తగారు, అనకాపల్లి

జవాబు: బిడ్డకు ప్రమాదం లేదు. గర్భంలో హార్మోన్ల వల్ల పేగు కదలిక మందగిస్తుంది, పెరిగిన గర్భసంచి సిరలను నొక్కుతుంది, ఐరన్ బిళ్లలు మలాన్ని గట్టిపరుస్తాయి, అందుకే చివరి మూడు నెలలలో మొలలు తరచుగా వస్తాయి. చాలామందికి కాన్పు అయిన కొన్ని వారాలలో తగ్గిపోతాయి కూడా. ఇసబ్‌గోల్, నీళ్లు, ఎడమవైపు తిరిగి పడుకోవడం, రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చని నీళ్ల టబ్బులో పదిహేను నిమిషాలు కూర్చోవడం సరిపోతాయి. ఆ నీళ్లలో ఉప్పు గాని, డెటాల్ గాని వేయవలసిన పనిలేదు. మందుల షాపులో అడిగి ఏ మందూ వాడవద్దు, చూసే డాక్టరుకే చెప్పి, హిమోగ్లోబిన్ 11కు తగ్గకుండా కనిపెట్టుకుని ఉండండి.

ప్రశ్న: ఒక క్లినిక్‌లో లేజర్ అంటున్నారు, ఇంకొక చోట స్టేప్లర్ అంటున్నారు. మా మండలంలో ఒకాయన కోత లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో మొలలు మాడిపోయేలా చేస్తానంటున్నాడు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, కామారెడ్డి

జవాబు: ఆ మూడవదాని జోలికి పోవద్దు. అర్హత ఉన్న సర్జన్ మొదటి, రెండవ దశ మొలలకు బాదం నూనెలో కలిపిన ఫినాల్ వంటి మందును, సరైన చోట, సరైన మోతాదులో ఇచ్చే ఇంజెక్షన్ ఒకటి ఎప్పటి నుంచో ఉన్నది. బస్టాండు గోడల మీద ప్రకటనలు వేసుకునేవారు ఇచ్చేది అదేనని నమ్మడానికి ఆధారం ఉండదు. అటువంటి ఇంజెక్షన్ చేయించుకున్న ఒక రైతు ఆరు నెలల తరువాత నా దగ్గరికి వచ్చాడు. లోపలి పొర కాలి మచ్చ కట్టి, దారి ముడుచుకుపోయి, నా చిటికెన వేలు కూడా పట్టనంత సన్నబడింది. మొలలకు ఒకరోజు వైద్యం సరిపోయే మనిషికి ఆ దారి వెడల్పు చేయడానికి నెలలు పట్టింది, ఆ బాధ చూసినవాడిని కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

మిగిలినవాటిలో ఏది మంచిదన్నది మీ మొలల దశను బట్టి ఉంటుంది, మీరు దశ రాయలేదు. మూడు, నాలుగు దశలలో పెద్ద మొలలను కోసి తీసేసే ఆపరేషన్ తరువాత రెండు మూడు వారాలు నొప్పి గట్టిగానే ఉంటుంది, కాని మొలలు మళ్లీ వచ్చే అవకాశం అందులోనే అన్నిటికన్నా తక్కువ. 1937లో లండన్ సర్జన్లు ప్రచురించిన పద్ధతే కొద్ది మార్పులతో ఇప్పటికీ నడుస్తున్నదంటే దాని బలం అదే. జారిన పొరను పరికరంతో పైకి లాగి పిన్నులు వేసే స్టేప్లర్‌లో నొప్పి తక్కువ, తిరగబెట్టడం ఎక్కువ. కాంతి వేడితో మొలను కుదించే లేజర్‌లో కూడా నొప్పి తక్కువే, త్వరగా పనిలోకి వెళ్లవచ్చు. కాని బాగా బయటికి జారిన మొలలకు అది కోతకు సమానం కాదు. బ్యాండుతో పోయే మొలలకు లేజర్ చేయించమన్నవారిని, బ్యాండు ఎందుకు సరిపోదో అడగండి. జవాబు చెప్పలేకపోతే ఇంకొక సర్జన్‌కు చూపించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. రెండేళ్లుగా అప్పుడప్పుడు రక్తం పడుతుంటే మొలలకు నాటుమందు వాడుతున్నారు. నాలుగు నెలలుగా రోజుకు ఐదారుసార్లు వెళ్తున్నారు, వెళ్లొచ్చినా ఇంకా ఉన్నట్టే ఉందంటున్నారు. జిగురు పడుతున్నది. పంచె కట్టు వదులైంది. షుగరు, గుండె బిళ్లలు వాడుతున్నారు. ఆసుపత్రికి రమ్మంటే ‘మొలలే కదా’ అంటున్నారు.
– ఒక కుమారుడు, కువైట్ నుంచి

జవాబు: ఈ ఉత్తరం అందిన రోజునే మీకు విడిగా జవాబు పంపాను, ఇటువంటి తండ్రులు ఇంకా ఎందరో ఉంటారు కనుక ఇక్కడ కూడా రాస్తున్నాను. మల విసర్జన అలవాటు మారడం, జిగురు, వెళ్లొచ్చినా తృప్తి లేకపోవడం, బరువు తగ్గడం – ఈ నాలుగూ కలిసి రావడం మొలల వల్ల జరిగేది కాదు. మొలలు కేన్సరుగా మారవు. కాని మొలలు ఉన్న మనిషికి పైన కేన్సరు కూడా ఉండవచ్చు, రక్తం రెండింటి నుంచీ ఒకేలాగా పడవచ్చు. నాన్నగారికి తప్పక కేన్సరే ఉన్నదని నేను అనడం లేదు, పేగులో పుండ్ల వంటి వేరే జబ్బులు కూడా ఇలాగే కనిపిస్తాయి. అది ఏదో తేలాలంటే ముందు వేలితో పరీక్ష, తరువాత కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, జరగాలి. పెద్దపేగు చివరి భాగంలో, మలద్వారానికి దగ్గరగా ఉన్న గడ్డలు చాలావరకు వేలికే తగులుతాయి. రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ పరీక్ష జరగలేదన్నదే నా బాధ.

కొలనోస్కోపీకి ముందురోజు అన్నం మాని పలుచని ద్రవాలు తీసుకుని, పేగు శుభ్రపడే మందును లీటర్ల కొద్దీ నీళ్లతో తాగాలి. కష్టమంతా ఆ రోజుదే. పరీక్ష సమయంలో నిద్రమత్తు ఇస్తారు, అరగంటలో అయిపోతుంది. పిలక కనిపిస్తే అప్పుడే తీసేయవచ్చు, గడ్డ కనిపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. పిలక కేన్సరుగా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది, పేగు గోడ దాటని దశలో దొరికిన కేన్సరుకు వైద్యం చాలా బాగా పనిచేస్తుంది. ఒకవేళ కేన్సరని తేలితే మీరు, మీ తోబుట్టువులు 40వ ఏట గాని, నాన్నగారికి బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గాని, ఏది ముందైతే అప్పటి నుంచి ఈ పరీక్ష చేయించుకోవాలి.

ఆయనతో వాదించవద్దు. ‘మొలలే కావచ్చు నాన్నా, డాక్టరు చూసి ఆ మాట చెబితే నేను అక్కడ నిశ్చింతగా పని చేసుకుంటాను’ అని చెప్పి చూడండి. దూరదేశంలో ఉన్న కొడుకు మనశ్శాంతి కోసం కదిలిన తండ్రులను నేను చాలామందిని చూశాను. వెంట వెళ్లడానికి మీ చెల్లెలినో, మేనమామనో పురమాయించండి. ఆయన వాడే బిళ్లల చీటీలన్నీ సంచిలో పెట్టించండి, నాటుమందు పొట్లం కూడా. గుండె బిళ్లలలో రక్తాన్ని పలుచన చేసేవి ఉంటే వాటిని మీ అంతట మీరు ఆపించవద్దు, పరీక్షకు ముందు ఎన్ని రోజులు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరే చెప్పాలి. షుగరు బిళ్లలు పరగడుపున ఉండే రోజు ఎలా వేసుకోవాలో కూడా ముందే అడిగించండి. ఫలితం ఏమి వచ్చినా, ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపండి.